కార్డు లేని చేతులు

మా కాలేజీ జూనియర్లు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. "అక్కా, మీరు బయోమెడికల్‌లకు ఎట్ల పోయిండ్రు? నరాల ఇంజనీరింగ్ అంటే ఏముంటది?" అని అడుగుతారు. వాళ్ల కోసం ఒక కథ తయారుచేసి పెట్టుకున్నాను. అమ్మ చేతులు తిమ్మిరెక్కేవని, అది చూసి నేను నరాల మీద పరిశోధన చేయాలనుకున్నానని, కోరుట్లలో బీడీలు చేసే ఆవిడ కూతురు పట్నంలో పెద్ద సంస్థలో పీహెచ్‌డీ చేసిందని చెబుతాను. ఒకసారి వేదికెక్కించి మరీ చెప్పించారు. చప్పట్లు బాగానే పడ్డాయి. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అయినా చెప్పిన ప్రతిసారీ నా మీద నాకే రోత పుడుతుంది. ఎందుకంటే నేను దాన్ని సగంలో ఆపేస్తాను. మిగతా సగం ఇది.

మాది కోరుట్ల, నేత కుటుంబం. నాన్న సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. వారానికోసారి ఇంటికి వచ్చి, ఒక పగలంతా నిద్రపోయి, మళ్లీ బస్సెక్కేవాడు. ఇంటిని నడిపింది అమ్మ చేసే బీడీలే. తునికాకు కత్తిరించడం, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చోవడం, ఆకులో తంబాకు పోసి చుట్టడం, చివర మడిచి వేలితో నొక్కడం, దారం కట్టడం, మళ్లీ ఇంకో ఆకు తీసుకోవడం. అమ్మ ముఖం గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు వంగిన మెడతోనే గుర్తుకొస్తుంది.

మా ఇంట్లో అన్నానికి తంబాకు వాసన, దిండుకు తంబాకు వాసన, నా లెక్కల నోట్సుకూ అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. వాళ్లమ్మ చేసేదీ బీడీలే, అది వేరే సంగతి. ఆ వాసనంటే నాకు ఎంత అసహ్యమంటే, ఇంటర్ చదవడానికి జగిత్యాల హాస్టల్‌కు వెళ్లిన మొదటి వారం పెట్టెలో ఉన్న బట్టలన్నీ మూడుసార్లు ఉతికాను. అమ్మను తలచుకుని ఏడ్చింది రెండో వారంలో.

ఇక్కడ కార్డు గురించి చెప్పాలి. బీడీలు చేసే ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే, బయటివాళ్లకు మాత్రం ఎవరూ చెప్పరు. కంపెనీ ఇచ్చే పీఎఫ్ కార్డు ఒకరి పేరు మీద ఉంటుంది, బీడీలు చేసేది ఇంకొకరు. అత్త కార్డు మీద కోడలు చేస్తుంది. అక్క కార్డు మీద చెల్లె చేస్తుంది. కార్డున్న ఆడపిల్ల పెళ్లయి వేరే ఊరికి పోతే కార్డు పుట్టింట్లోనే ఉండిపోతుంది, ఆ ఇంటికి వచ్చిన కోడలు దాని మీద పని అందుకుంటుంది. బీడీలు అప్పజెప్పే చోట కూర్చునే గుమాస్తాకూ ఇది తెలుసు. ఆయనకు కట్టలు సరిగ్గా ఉంటే చాలు, చేసిన చెయ్యి ఎవరిదైతే ఏంటి?

అమ్మ కోడలిగా వచ్చేనాటికి కంపెనీవాళ్లు కొత్త కార్డులు ఇవ్వడం మానేశారు. మా మేనత్త అప్పటికే పెళ్లయి మల్లాపూర్ దగ్గర పల్లెకు వెళ్లిపోయింది, ఆమె కార్డు మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాని మీద చేయడం మొదలుపెట్టింది. నేను పుట్టకముందు నుంచి ఆ కార్డు మీద పడ్డ ప్రతి బీడీ అమ్మ చేసిందే. మేనత్త పసుపు చేనుకు పోయేది, మళ్లీ తంబాకు ముట్టలేదు. తర్వాత మామ చనిపోయాడు. పిల్లలు లేరు, చేను చేయి జారిపోయింది. బీడీలు చేసేవాళ్లకు సర్కారు ఆ కార్డు చూసి ఇచ్చే పింఛనే మేనత్తకు దిక్కయింది. బీపీ గోలీల నుంచి ఉప్పు పప్పుల దాకా అన్నీ అందులోంచే. అమ్మ దాని గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. మేనత్త వచ్చినప్పుడు మాత్రం పసుపు కొమ్ములు మూట కట్టుకొచ్చేది, ఇద్దరూ గడప దగ్గర కూర్చుని చాయ తాగేవాళ్లు.

ఇంటర్ తర్వాత జగిత్యాలకు బస్సులో పోయివచ్చేంత దూరంలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. ఆ నాలుగేళ్లు తలచుకుంటే ఇప్పటికీ కంపరం పుడుతుంది. ల్యాబ్‌లో వరసగా ఆసిలోస్కోపులు ఉండేవి, వాటిలో రెండిటికే తెర వెలిగేది. ప్రయోగం చేయకుండానే సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దింపుకునేవాళ్లం. ఒకసారి నేను నిజంగా కొలిచి రాశాను. "అందరిదీ ఒక తీరుగ ఉంటే నీదొక్కదానిదే వేరేగ ఎందుకున్నది?" అని ల్యాబ్ మేడమ్ పేజీ మొత్తం కొట్టేసింది. మరుసటి వారం నుంచి నేనూ దింపుకున్నాను. దింపుకోవడం ఎంత తొందరగా అలవాటైందో తలచుకుంటేనే సిగ్గేస్తుంది.

ఫైనలియర్ ప్రాజెక్టు మావాళ్లంతా కొనుక్కొచ్చారు. పట్నంలో అందుకు దుకాణాలున్నాయి, చీరలు పరిచినట్టు టేబుల్ మీద పరిచి చూపిస్తారు. నాకు కొనే స్తోమత లేక సొంతంగా చేశాను. అందులో గొప్పేమీ లేదు. కండరాలు కదిలినప్పుడు పుట్టే సన్నని కరెంటును పట్టుకునే చిన్న సర్క్యూటు అది. పరీక్షించడానికి ఎవరో ఒకరి చెయ్యి కావాలి కాబట్టి అమ్మ ముంజేతికి మూడు ప్యాడ్లు అతికించి, చాట ముందు కూర్చోబెట్టాను. అమ్మ బీడీ చుట్టినప్పుడల్లా లాప్‌టాప్ తెర మీద గీతలు చివ్వున లేచాయి.

"గివన్ని నా చేతిలకెల్లే అస్తున్నయా?" అంది అమ్మ.

"నీ చేతిలకెల్లే. నువ్వు ఆకు మడిచి నొక్కినప్పుడు జూడు, ఎంత పెద్దగ లేస్తున్నదో."

అమ్మ కాసేపు చూసింది. తర్వాత కుడిచేతి బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్లు ఎడమచేత్తో పట్టుకుని, "గీ మూడేళ్లు నావి గానట్టే ఉంటయి బిడ్డా. చాయ గిలాస పట్టుకుంటే జారిపోతది. నీ మిషిన్ల గది గూడ కనవడుతదా?" అని అడిగింది.

అప్పుడు కనబడలేదు. అది కనబడేలా చేయాలనే నేను పై చదువుకు వెళ్లాను. నేను వేదికల మీద చెప్పే కథ సరిగ్గా ఇక్కడ ఆగిపోతుంది.

పట్నంలో నాకు దొరికిన గైడ్ పేరున్న ప్రొఫెసర్. నరాల పరికరాల మీద ఆయన మాటకు విలువ ఉంది. ఆయన ల్యాబ్‌లో తెర వెలగని ఆసిలోస్కోపు ఒక్కటీ లేదు. మొదటి ఏడాది నాకు స్వర్గంలో ఉన్నట్టే ఉంది. మణికట్టుకు గాజులా వేసుకునే పట్టీ ఒకటి తయారు చేయాలనుకున్నాం. మణికట్టు దగ్గర నరానికి చిన్న షాక్ ఇస్తే, బొటనవేలి కండరం ఎంతసేపటికి కదిలిందో అది కొలుస్తుంది. నరం మణికట్టులో నలిగిపోతే ఆ కబురు ఆలస్యంగా చేరుతుంది. పెద్ద ఆసుపత్రిలో పెద్ద యంత్రం చేసే ఈ పనిని చిన్న పట్టీతో చేయించి, నరం బాగుంటే పచ్చ లైటు, పాడైతే ఎర్ర లైటు వెలిగేలా చేయాలి. బీడీలు చేసే ఆడవాళ్లకు ఊళ్లోనే పరీక్ష. అనుకున్నప్పుడు అంతా బాగానే ఉంది.

ఎంత ఆలస్యమైతే పాడైనట్టు? అది తేలాలంటే రెండు గుంపుల చేతులు కొలవాలి. బీడీలు చేసేవాళ్లవి ఒక గుంపు, ఎన్నడూ చేయనివాళ్లవి ఇంకో గుంపు. రెండో గుంపు చేతులు ఎలా ఉంటే అదే ఆరోగ్యానికి కొలత.

"నోటిమాట పనికిరాదమ్మా. ఎవరు బీడీలు చేస్తారో డాక్యుమెంట్ ఉండాలి. కమిటీ అడుగుతుంది, జర్నల్ వాళ్లు అడుగుతారు" అన్నారు గైడ్.

"పీఎఫ్ కార్డు ఉంటుంది సార్" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. బీడీలు చేసే ఇంట్లో పుట్టి పెరిగి, కార్డు లేని తల్లి చేతి తిండి తిని, ఆ మాట అన్నాను. ఆయన "గుడ్" అన్నారు. ఆ ఒక్క గుడ్ కోసం ఇంటిల్లిపాదినీ మరిచిపోయాను. ట్యాబ్‌లో నింపే ఫారం కూడా నేనే రాశాను. కార్డు నంబరు వేస్తే మనిషి బీడీ గుంపులోకి పోతుంది. నంబరు లేకపోతే ఫారం ‘బీడీలు చేస్తారా?’, ‘వృత్తి’ అనే ప్రశ్నలకు దాటుతుంది, చేయనంటే ఆ మనిషి తనంత తనే రెండో గుంపులో పడుతుంది. చక్కగా పనిచేసింది నా ఫారం, ఒక్క తప్పూ చూపలేదు.

మొదటి శిబిరం సిరిసిల్లలో, కుల సంఘం భవనంలో పెట్టాం. నాన్నను ఎరిగినవాళ్లు చాలామంది వచ్చారు. గైడ్ వాళ్లను సబ్జెక్టులు అనేవారు, రెండో రోజుకు నేనూ అనసాగాను. ఆయన ఎవరి చేయైనా తాకితే వెంటనే జేబులోంచి సీసా తీసి అరచేతులు రుద్దుకునేవారు, వాళ్ల ముందరే. వచ్చిన ప్రతి మనిషికీ ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి ఫొటో తీశారు. ఫొటోలో ప్యాకెట్ కనబడేలా పట్టుకోమని చెప్పే పని నాది.

మెడలో ట్యాగులు, చేతిలో ట్యాబులు ఉన్నవాళ్లు కార్డు నంబరు అడిగితే మావాళ్లు ఏమనుకుంటారు? పింఛన్ల తనిఖీ అనుకున్నారు. పట్నం నుంచి ఎవరో వచ్చి ఎవరు నిజంగా చేస్తున్నారో, ఎవరు చేయట్లేదో కనిపెడుతున్నారని వరసలో అందరికీ పాకిపోయింది. కార్డున్నవాళ్లు, చేయడం ఎప్పుడో మానుకున్నవాళ్లు కూడా, "చేస్తున్న" అన్నారు. కార్డు లేనివాళ్లు, రోజంతా చాట ముందు కూర్చునేవాళ్లు, "నేనేం జెయ్య బిడ్డా, ఇంట్లనే ఉంట" అన్నారు. తమ వల్ల అత్తకో ఆడబిడ్డకో పింఛన్ పోకూడదని అంత జాగ్రత్తగా చెప్పారు.

ప్యాడ్లు అతికించే ముందు వేళ్లను స్పిరిట్ దూదితో తుడవాలి. కార్డు లేని మొదటి మనిషి వేళ్లు తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది. తంబాకు. వాసన కూడా వచ్చింది, నా చిన్నప్పటి వాసన. రెండో మనిషికీ అంతే. మూడో మనిషికీ అంతే. ‘ఎన్నడూ బీడీలు చేయనివారు’ అని నా ఫారం చెబుతున్న వరస పొడుగునా దూది గోధుమరంగుకు తిరుగుతూనే ఉంది. నేను దాన్ని ఉండచుట్టి బుట్టలో పడేస్తూనే ఉన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు. రెండో గుంపు దొరకడం కష్టమని గైడ్ ముందునుంచీ భయపడుతున్నారు, అది బిలబిలా నిండుతోంది. ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను ఆ వెలుగు చూస్తూ దూది పడేశాను.

రెండో శిబిరం కోరుట్లలో. మా వాడ ఆడవాళ్లంతా వచ్చారు, అమ్మ కూడా వచ్చింది. నా ముందు కుర్చీలో కూర్చుని కుడిచేయి బల్ల మీద పెట్టింది. వెనక గైడ్ నిలబడి ఉన్నారు.

"కార్డు ఉందా?" అని అడిగాను, మీరు అనకుండా నువ్వు అనకుండా.

"లే."

"బీడీలు చేస్తారా?"

కన్నతల్లిని ‘చేస్తారా’ అని అడిగాను, ఫారంలో అలాగే రాసుంది కాబట్టి. అమ్మ ఒకసారి గైడ్ వైపు చూసింది, ఒకసారి వరసలో ఉన్నవాళ్ల వైపు చూసింది. "చెయ్య. ఇంటి పని జేసుకుంట" అంది. ఆమె బొటనవేలి గోరు సందులో ఆ పొద్దుటి తంబాకు ఇంకా ఉంది. నేను ‘గృహిణి’ అనే మాట మీద వేలు పెట్టి నొక్కాను. దూదితో అమ్మ వేళ్లు తుడిచాను, అమ్మ చూస్తుండగానే ఆ దూదిని బుట్టలో వేశాను.

లెక్కలన్నీ తీసి చూస్తే రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. బీడీలు చేయని గుంపు చేతులే కాస్త నెమ్మదిగా ఉన్నాయి. గైడ్ తల పంకించి, "ఈ ప్రాంతంలో ఆడవాళ్లకు నార్మల్ ఇంతేనేమో. నీళ్లో, తిండో, వయసో. ఇదీ ఒక ఫైండింగే" అన్నారు. ఆ నార్మల్‌నే పట్టీలో కొలతగా పెట్టాం. అంటే గాజు గ్లాసు పట్టుకోలేని మా అమ్మ చెయ్యి ఆరోగ్యానికి గుర్తయింది. దానికంటే అధ్వాన్నంగా ఉంటేనే ఎర్ర లైటు.

అప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను. కోరుట్లలో మా వాడవాళ్లు ఎవరు ఎవరి కార్డు మీద చేస్తారో నాకు తెలుసు. వాళ్లను మటుకు తీసుకుని, కార్డును బట్టి కాకుండా చేతిని బట్టి రెండు గుంపులు మళ్లీ కట్టాను. తెర మీద గీతలు రెండుగా చీలిపోయాయి, గుడ్డివాడికైనా కనబడేంత తేడా. దాన్ని తీసుకెళ్లి గైడ్ ముందు పెట్టి అంతా చెప్పాను, దూది సంగతితో సహా.

ఆయన కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ ఒళ్లు మండించింది. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. నీకు తెలుసు సరే, నాకెలా తెలియాలి? చూసేవాడికి ఎలా తెలియాలి? బీడీలు చేస్తామని వాళ్లనే సంతకం పెట్టి ఇమ్మను, అన్నీ మారుద్దాం. లేదంటే ‘పాల్గొన్నవారు చెప్పిన వివరాల మీద ఆధారపడ్డాం’ అని చివర్లో ఒక వాక్యం రాయి. ఇంకో ఏడాది శిబిరాలు పెట్టడానికి ప్రాజెక్ట్ గడువు లేదమ్మా" అన్నారు.

సంతకాల కోసం ముందు అమ్మ దగ్గరికే పోయాను. పగటిపూట, చాట ఒళ్లో ఉంది.

"నువ్వు బీడీలు జేస్తవని ఒక్క కాయిదం మీద సంతకం పెట్టమ్మా. పేర్లు బయటికి రావు."

"పేర్లు రావంటరు. కార్డు నంబర్లు రాసుకున్నరు గదా" అంది అమ్మ, చేతి పని ఆపకుండా. "మీ అత్త నంబరు గూడ రాసిండ్రు. ఆమె అచ్చి చేస్తున్న అని చెప్పిపోయింది. ఇప్పుడు నేను చేస్తున్న అంటే ఆమె అబద్ధమాడినట్టు గాదా? పింఛన్ ఉంటదా ఆమెకు?"

"మరి నీ చేతుల సంగతేంది?"

"నా చేతులు నా దగ్గర్నే ఉంటయి తియ్. మీ అత్తకు గా పింఛన్ తప్ప ఏమున్నది జెప్పు."

అమ్మ సంతకం పెట్టనప్పుడు ఇంకెవరు పెడతారు? నేను ఇంకో గడప తొక్కలేదు. నిజం చెప్పాలంటే, అమ్మ కాదన్నందుకు లోలోపల కాస్త తేలిక పడ్డాను. ఇక తప్పు నాది కాదు అనిపించింది, ఆ అనిపించడాన్ని ఇప్పటికీ క్షమించుకోలేను. గైడ్ చెప్పిన వాక్యం రాశాను. వైవాలో దాని గురించి ఎవరూ అడగలేదు. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి పట్టీని తన చేతికే పెట్టించుకుని, పచ్చ లైటు చూసి ముచ్చటపడ్డాడు. సమోసాలు తిన్నాం. నా పేరు ముందు డాక్టర్ అని చేరింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో ఉచిత నరాల పరీక్షా శిబిరం పెట్టారు. పట్టీల వెనక నా పరిశోధన ఉంది కాబట్టి నన్ను మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కోరుట్ల నుంచి, మేడిపల్లి నుంచి, వెల్గటూర్ నుంచి కూడా ఆడవాళ్లు ఆటోల్లో వచ్చారు. వాళ్లలో కొందరికి బొటనవేలి కింద కండ కరిగి గుంటపడి ఉంది. అది చూడటానికి పట్టీ అక్కరలేదు, కళ్లు చాలు. పట్టీ వేశాను. పచ్చ. ఇంకొకరికి వేశాను, పచ్చ. పచ్చ వెలిగినప్పుడల్లా వాళ్ల ముఖంలో ఎంత నిమ్మళం! కొందరు నాకు దండం పెట్టారు. ఎర్ర లైటు వచ్చినవాళ్లు ఎవరంటే, చెయ్యి మొత్తం చచ్చుబడిపోయిన ఇద్దరు ముగ్గురు. వాళ్లకు తమ సంగతి ఎలాగూ తెలుసు.

అమ్మ కూడా మా వాడవాళ్లతో కలిసి వచ్చి వరసలో నిలబడింది. డాక్టరమ్మ తల్లినని ముందుకు రాలేదు. వంతు వచ్చాక చెయ్యి చాపింది. నేను పట్టీ కట్టాను. పచ్చ.

"మంచిగనే ఉన్నదా?" అని అడిగింది అమ్మ. చుట్టూ జనం. నేను తలూపాను.

మధ్యాహ్నం బస్టాండులో అమ్మను పక్కకు తీసుకెళ్లాను. "అమ్మా, గా లైటును నమ్మకు. నీ నరం ఖరాబైంది. ఈడనే జగిత్యాలల నరాల డాక్టర్ ఉన్నడు, పెద్ద మిషిన్ మీద చూపిద్దాం. చిన్న ఆపరేషనే" అన్నాను.

అమ్మకు వెంటనే అర్థం కాలేదు. "నీ మిషినే గదా బిడ్డా?"

"నా మిషినే."

"మరి పచ్చ ఎందుకు అచ్చింది?"

మొత్తం చెప్పాను, బల్ల ముందు ఆమె చెప్పిన ‘చెయ్య’ అనే మాటతో మొదలుపెట్టి. అమ్మ విన్నది. తన మాట వల్ల అంటే బాధపడుతుందనుకున్నాను. ఆమె ఆలోచిస్తున్నది తన గురించి కాదు.

"మరి లైన్ల నిలవడ్డోళ్లకు జెప్పినవా?"

"లే."

"ఎవ్వలకు?"

"ఎవ్వలకు చెప్పలే."

బస్సు వచ్చింది. కోరుట్ల దాకా వాడవాళ్లు తమ పచ్చ లైట్ల గురించి చెప్పుకుంటుంటే, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నెల తర్వాత ఆపరేషన్‌కు ఒప్పుకుంది. పెద్ద యంత్రం మీద పరీక్ష చేసిన డాక్టర్, నరం బాగా నలిగిందని, ఇంకొన్నేళ్ల ముందు రావలసిందని అన్నాడు. కూతురు ఏం చదివిందని అడిగితే అమ్మ "ఏదో చదువుకుంటది సార్" అంది. అంతవరకూ అమ్మ ఎవరి ముందైనా నా చదువు దాచడం నేను చూడలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున మా వాడ ఆడవాళ్లు ముగ్గురు బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని చూడవచ్చారు. అమ్మ కుడిచేతికి మణికట్టు నుంచి తెల్లకట్టు ఉంది. నేను మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాళ్లలో పెద్దావిడ మంచం పట్టె మీద కూర్చుని కట్టు వైపు, నా వైపు చూసింది. అమ్మతో పాటు కోడలిగా వచ్చి, అమ్మతో పాటే పక్కింట్లో వేరొకరి కార్డు మీద ఇన్నేళ్లూ బీడీలు చేసిన మనిషి.

"మన బిడ్డ మిషిన్ల నీకు గూడ పచ్చనే అచ్చె గదా వదినే. మల్ల ఆపరేషన్ ఎందుకైంది?" అని అడిగింది.

ఇప్పుడు చెబుతుందనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను. నేను చేయలేని పని అమ్మ చేసేస్తే బాగుండుననుకున్నాను.

"నరానికి గాదు వదినే" అంది అమ్మ. "బాత్‌రూంల జారిపడ్డ. ఎముక ఇరిగింది."

నా వైపు చూడలేదు.

"అయ్యో, అట్లనా. నేనింక నరాలకే అనుకున్న" అంటూ పెద్దావిడ తన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటిగా నొక్కుకుంది. "నాకు గూడ గీ మూడేళ్లు ఒకటే గుంజుతయి. పచ్చ లైటు అచ్చింది గదా అని ధైర్నంగున్న."

కాసేపు కూర్చున్నారు. ఆకు నానబెట్టి వచ్చామని చెప్పి ముగ్గురూ లేచారు. గడప దాటేటప్పుడు పెద్దావిడ నా తల నిమిరి, అమ్మను బాగా చూసుకోమంది. నేను సరేనన్నాను.